ముక్కలుగా వచ్చే ఇల్లు: లండన్ వడ్రంగి నుంచి బస్తర్ పోటా క్యాబిన్ దాకా



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు ఫొటో పెట్టాడు, గుర్తుందా? వాళ్ళ హాస్టల్ వెనకాల లారీలోంచి తెల్లటి గోడలు దించుతున్నారు. "అన్నా, వారం రోజుల్లో నాలుగు గదులు లేస్తాయంట. ఇది మంచిదేనా?" అని అడిగాడు. కామెంట్లు రెండు రకాలుగా వచ్చాయి. "ఎన్నాళ్ళు వరండాలో పడుకుంటాం, రానీ" అని కొందరు. "పట్నం పిల్లలకి బిల్డింగులు, మనకి డబ్బాలా?" అని కొందరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. నేను అప్పుడు ఏమీ రాయలేదు. ఎందుకంటే నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో కూడా ఒక రేకుల గది ఉండేది. అది 'తాత్కాలికం' అని చెప్పి వేశారట. నేను చేరేనాటికే దానికి తుప్పు పట్టింది, నేను పదో తరగతి పాసై వచ్చేటప్పుడు కూడా అదే గదిలో క్లాసులు జరుగుతున్నాయి. వాన పడితే సార్ గొంతు వినపడేది కాదు. పుస్తకం మూసి వాన చూస్తూ కూర్చునేవాళ్ళం.

అందుకే కోపం పక్కన పెట్టి చరిత్ర చూద్దాం అనుకున్నాను. ఫ్యాక్టరీలో ముక్కలుగా చేసి, తెచ్చి బిగించే ఇల్లు కొత్త విషయం కాదు. దానికి దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. కొన్ని చోట్ల అది గొప్పగా నిలబడింది, కొన్ని చోట్ల కూలిపోయింది, కొన్ని చోట్ల జనమే వద్దన్నారు. ఎక్కడ ఎందుకు అలా జరిగిందో తెలిస్తే, రేపు మన ఊరికి లారీ వచ్చినప్పుడు ఏం అడగాలో మనకి తెలుస్తుంది.

ముందు మన తడిక సంగతి

ప్రీఫ్యాబ్ అంటే ముందుగా తయారు చేసినది అని అర్థం. గోడ, కప్పు, తలుపు ఇలా భాగాలు వేరే చోట చేసి, స్థలం దగ్గరికి తెచ్చి బిగిస్తారు. మాడ్యులర్ అంటే ఇంకో అడుగు ముందుకు: గదికి గదే పెట్టెలాగా తయారై వస్తుంది, పక్కపక్కన పేర్చడమే.

ఇది విని మన అమ్మమ్మలు నవ్వుతారు. వెదురు చీల్చి, చదునైన నేల మీద తడిక అల్లి, తర్వాత దాన్ని ఎత్తి గుంజలకి కట్టడం మన వాళ్ళకి కొత్తా? తడిక పాడైతే ఇల్లంతా పీకరు. ఆ ఒక్కటి విప్పి కొత్తది కడతారు. ఊరు మారితే పనికొచ్చే కలప మోసుకుపోతారు. ముందుగా చేసిన గోడ అనే ఆలోచన మనకి బయటి నుంచి రాలేదు. తేడా ఒక్కటే: తడిక చేసేవాడూ, కట్టేవాడూ, అందులో ఉండేవాడూ, బాగు చేసుకునేవాడూ ఒక్కడే. ఫ్యాక్టరీ ఇంట్లో ఈ నలుగురూ వేర్వేరు మనుషులు. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకోండి, మిగతా చరిత్రంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక్క మనిషి మోయగలిగినంత

1830ల్లో లండన్‌లో మానింగ్ అనే వడ్రంగి ఉండేవాడు. కొడుకు ఆస్ట్రేలియాకి వలస పోతుంటే, ఓడలో వేసుకుపోయేలా ఒక చెక్క ఇల్లు ముక్కలుగా చేసి ఇచ్చాడు. తర్వాత అదే వ్యాపారం అయింది. 'పోర్టబుల్ కలోనియల్ కాటేజ్' అని అమ్మాడు. అందులో గొప్పతనం ఏమిటంటే, ఏ ముక్కా ఒక మనిషి మోయగలిగిన బరువు దాటదు. గంటలు కొట్టి, రంపం పట్టి కోయక్కర్లేకుండా గాడిలో పలక దింపితే గోడ అవుతుంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆ ఇళ్ళు ఎక్కడ నిలబెట్టారు? ఆస్ట్రేలియా ఆదివాసుల నేల మీద. వలస వచ్చినవాడు దిగిన వారం లోపే ఇంటివాడైపోయాడు. ఇల్లు త్వరగా కట్టడం అనేది ఎప్పుడూ మంచి పనే కానక్కర్లేదు. ఎవరి భూమిలో, ఎవరి కోసం అన్నది దానికంటే ముందు ప్రశ్న.

1851లో లండన్ హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ కట్టారు. జోసెఫ్ పాక్స్‌టన్ డిజైన్. సుమారు మూడు లక్షల గాజు పలకలు, ఇనప స్తంభాలు, అన్నీ ఒకే కొలతలో చేసి బిగించారు. 1,800 అడుగులు దాటిన పొడవు ఉన్న భవనం నెలల్లోనే లేచింది. ప్రదర్శన అయ్యాక విప్పి, 1854 నాటికి సిడెన్‌హామ్ అనే ఇంకో చోట మళ్ళీ నిలబెట్టారు. అంటే విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు అని లోకానికి రుజువైంది. 1936 నవంబర్ 30 రాత్రి అది మంటల్లో కాలిపోయింది. ఇనుము, గాజు కట్టడం కదా అని ధీమా పడితే లాభం లేదు, లోపల కాలే సామాను ఉంటే చాలు.

అవసరం గట్టిగా తరిమినప్పుడు

చరిత్రలో ప్రీఫ్యాబ్ ఎప్పుడు అడుగు ముందుకు వేసిందో చూస్తే, ప్రతిసారీ వెనకాల ఒక ఆపద ఉంటుంది. 1855లో క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు గాయాల కంటే ఆస్పత్రి జబ్బులతోనే ఎక్కువ చనిపోతుంటే, బ్రూనెల్ అనే ఇంజనీరు ఇంగ్లండ్‌లో చెక్క వార్డులు చేయించి ఓడల్లో టర్కీలోని రెన్‌కియోయికి పంపాడు. గాలి ఆడే ఏర్పాటు, మురుగు పోయే ఏర్పాటు అన్నీ అందులోనే ఆలోచించాడు. అక్కడ చావులు బాగా తగ్గాయి. త్వరగా కట్టడమూ నాణ్యతా ఒకదానికొకటి శత్రువులు కావని ఈ ఆస్పత్రి చూపించింది. రోగి ఎలా బతుకుతాడో ముందు ఆలోచించి, తర్వాత గోడ గీశాడు ఆయన.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి బ్రిటన్‌లో లక్షల ఇళ్ళు పోయాయి. 1944లో తాత్కాలిక గృహ వసతి చట్టం తెచ్చి 15 కోట్ల పౌండ్లు కేటాయించారు. ఆ తర్వాత కొన్నేళ్ళలో 1,56,623 ప్రీఫ్యాబ్ ఇళ్ళు లేచాయి. యుద్ధం ఆగి ఖాళీ పడిన విమాన ఫ్యాక్టరీల్లో అల్యూమినియం ఇళ్ళు తయారయ్యాయి. పదేళ్ళు, మహా అయితే పదిహేనేళ్ళు అని చెప్పారు. ఖర్చు అనుకున్నదాని కంటే పెరిగింది. చవక అవుతుందన్న ఆశ నిజం కాలేదు.

అయినా అందులో దిగిన జనం ఆ ఇళ్ళని ప్రేమించారు. ఎందుకంటే లోపలే బాత్‌రూమ్, వేడినీళ్ళు, వంటింట్లో ఫ్రిజ్, ఇంటి చుట్టూ చిన్న తోట. అప్పటిదాకా ఆ కూలి కుటుంబాల్లో చాలామందికి ఇవేవీ లేవు. లండన్ కాట్‌ఫోర్డ్‌లో ఎక్స్‌కాలిబర్ ఎస్టేట్ అని 187 ప్రీఫ్యాబ్‌ల కాలనీ ఉండేది. అరవై ఏళ్ళు దాటాక కూల్చేస్తామంటే ఉన్నవాళ్ళలో చాలామంది అడ్డం పడ్డారు. 2009లో అందులో ఆరు ఇళ్ళని వారసత్వ కట్టడాలుగా గుర్తించారు కూడా.

మన రేకుల గదీ తాత్కాలికమే, వాళ్ళ ప్రీఫ్యాబ్ కూడా తాత్కాలికమే. రెండూ గడువు దాటి బతికాయి. ఒకదాన్ని తలుచుకుంటే చిరాకు, ఇంకోదాని కోసం పోరాటం. పాత ఇంటి కంటే మెరుగ్గా ఉంటే మనిషి కొత్త ఇంటిని తనదే అనుకుంటాడు. పాతదాని కంటే వేడిగా, ఇరుకుగా ఉంటే దాన్ని మేకల కొట్టం చేస్తాడు. మన ఏజెన్సీలో పక్కా ఇంట్లో ధాన్యం పెట్టి, పక్కన పాత గుడిసెలోనే పడుకునే ముసలివాళ్ళని చూడలేదా?

జాయింటులో దాగిన ప్రమాదం

ఆ విజయం చూసి బ్రిటన్ ఎత్తైన టవర్లకి కూడా ఇదే పద్ధతి పట్టింది. ఫ్యాక్టరీలో పోసిన పెద్ద కాంక్రీటు పలకలని క్రేనుతో ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం. 1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల టవర్‌లో 18వ అంతస్తు వంటింట్లో గ్యాస్ పేలింది. పేలుడు చిన్నదే. కానీ ఒక గోడ పలక బయటికి తోసుకుపోయేసరికి పైనున్న అంతస్తులు కూలి, ఆ బరువుకి కింద అంతస్తులు కూలి, టవర్ మూల మొత్తం నేలమట్టమైంది. నలుగురు చనిపోయారు. జనం అందులో దిగి అప్పటికి రెండు నెలలే.

1986లో ఆ టవర్‌ని కూల్చకుండా ముక్క ముక్కగా విప్పి చూశారు. పలకల మధ్య సిమెంటు గట్టిగా నింపాల్సిన చోట ఖాళీలు, పాత పేపర్లు కనపడ్డాయి. ఫ్యాక్టరీలో పలక బాగానే చేశారు. స్థలం మీద అతుకు వేసినవాడు తొందర పడ్డాడు, చూడాల్సినవాడు చూడలేదు. ప్రీఫ్యాబ్ బలం పలకలో కాదు, అతుకులో ఉంటుంది. ఆ ఒక్క ప్రమాదంతో బ్రిటన్ జనానికి ఆ రకం టవర్ల మీద నమ్మకం పోయింది, కట్టడ నియమాలు మారిపోయాయి. ఏ కొత్త పద్ధతినైనా జనం ఒప్పుకోవడానికి ఏళ్ళు పడుతుంది, వదిలేయడానికి ఒక్క తెల్లవారుజాము చాలు.

ఫ్యాక్టరీ ఆకలి

అమెరికాలో 1940ల చివర లుస్ట్రాన్ అని కంపెనీ వచ్చింది. ఎనామిల్ పూసిన స్టీలు ఇళ్ళు. రంగు వెయ్యక్కర్లేదు, చెద పట్టదు, తుడిస్తే చాలు. ప్రభుత్వం దానికి మూడు కోట్ల డాలర్లకి పైగా అప్పు ఇచ్చింది. సుమారు రెండున్నర వేల ఇళ్ళు కట్టి 1950లో దివాలా తీసింది. ఇళ్ళు చెడ్డవి కావు, కొన్ని ఈరోజుకీ నిలబడి ఉన్నాయి. మరి ఏమైంది?

తాపీ మేస్త్రీకి పని లేకపోతే ఆ నెల కూలి ఖర్చు ఉండదు. ఫ్యాక్టరీకి పని లేకపోయినా యంత్రం అప్పు, కరెంటు, జీతాలు ఆగవు. రోజుకి ఇన్ని ఇళ్ళు అని ఆర్డర్లు వస్తూనే ఉండాలి. స్థలం, బ్యాంకు లోను, స్థానిక నియమాలు, రవాణా ఇవన్నీ కలిసి రాకపోతే ఫ్యాక్టరీ ఆకలికి తనని తానే తినేస్తుంది. స్వీడన్, జపాన్‌లలో ఈ పద్ధతి నిలబడింది. ఏటా ఆగకుండా డిమాండ్ ఉండటం, కూలి ఖరీదు కావడం, స్వీడన్‌లో అయితే చలికాలం బయట పని చేయడం కష్టం కావడం, ఇవి అక్కడి కారణాలు. అంటే ఒక దేశంలో గెలిచిందని ఇంకో దేశంలో గెలవదు.

ఢిల్లీలో మొదటి ప్రయోగం

మన దేశం ఈ పాఠం స్వాతంత్య్రం వచ్చిన వెంటనే నేర్చుకుంది. దేశ విభజనతో లక్షల మంది శరణార్థులు ఢిల్లీ చేరారు. గుడారాల్లో, కోటల్లో, ప్లాట్‌ఫారాల మీద బతుకుతున్నారు. ఒట్టో కోనిగ్స్‌బర్గర్ అనే ఆర్కిటెక్టుని 1948లో కేంద్ర ప్రభుత్వం గృహ నిర్మాణ డైరెక్టరుగా వేసింది. ఆయన బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. హిట్లర్ వచ్చాక దేశం విడిచి, ఈజిప్టు మీదుగా 1939లో మైసూరు సంస్థానానికి వచ్చి పని చేశాడు. భువనేశ్వర్ నగర ప్రణాళిక కూడా ఆయనదే. తానే శరణార్థి కాబట్టి ఇల్లు పోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషి.

ఢిల్లీలో ప్రభుత్వ హౌసింగ్ ఫ్యాక్టరీ పెట్టారు. గాలి బుడగలతో తేలిగ్గా ఉండే కాంక్రీటు పలకలు పోసి, ఇళ్ళుగా బిగించాలని ప్లాను. యంత్రాలు, పరిజ్ఞానం విదేశం నుంచి తెచ్చారు. ఆశలు చాలా పెద్దవి. కానీ పలకలు పగిలాయి, రవాణాలో దెబ్బతిన్నాయి, ఖర్చు పెరిగింది. ఇళ్ళు అనుకున్నట్టు రాలేదు. పార్లమెంటులో, పత్రికల్లో విమర్శలు వచ్చాయి. 1951లో ఆయన ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు.

ఎందుకు కుదరలేదు? యూరప్‌లో మనుషులు తక్కువ, కూలి ఎక్కువ, అందుకే యంత్రం లాభం. ఇక్కడ పని కోసం చూసే చేతులు కోట్లు ఉన్నాయి. చేతుల పనిని యంత్రానికి ఇస్తే డబ్బూ మిగల్లేదు, జనానికి కూలీ దొరకలేదు. విదేశంలో నేర్చిన కాంక్రీటుకి ఇక్కడి ఎండ కొత్త. పెళుసు పలకకి మన రోడ్లు కొత్త.

అయితే ఫ్యాక్టరీ చావలేదు. 1953లో కంపెనీగా మారింది. తర్వాత రైల్వే స్లీపర్లు, కరెంటు స్తంభాలు, ప్రీకాస్ట్ భాగాలు చేసింది. హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ లిమిటెడ్ అనే పేరు దానిదే. ఇల్లు మొత్తం చేయబోయి ఓడిపోయింది, ఒకే రకంగా వేల కొద్దీ కావాల్సిన వస్తువు చేసి బతికింది. కోనిగ్స్‌బర్గర్ కూడా ఓటమిని దాచుకోలేదు, దాన్నే చదువుగా మార్చుకున్నాడు. లండన్‌లో వేడి దేశాల ఇళ్ళ గురించి దశాబ్దాలు పాఠాలు చెప్పాడు. స్థానిక ఎండ, గాలి, సామాను, అలవాటు చూడకుండా ఇల్లు గీయొద్దు అన్నదే ఆ పాఠాల సారం.

సరిహద్దు అవతల మన పిల్లలు

ఇప్పుడు మనకి దగ్గర కథ. గోదావరి, శబరి దాటితే బస్తర్. సుక్మా, బీజాపూర్, దంతెవాడ. అక్కడి దోర్లాలు, మురియాలు మనకి పరాయివాళ్ళు కాదు. సల్వాజుడుం గొడవల్లో ఊళ్ళు వదిలి భద్రాచలం, చింతూరు అడవుల్లోకి వచ్చిన వాళ్ళ పిల్లలు మనలో చాలామందితో కలిసి చదివారు.

2005 తర్వాత అక్కడ బడి బిల్డింగ్ అంటేనే భయం. పక్కా బిల్డింగ్ అయితే బలగాలు క్యాంపు వేస్తాయి, క్యాంపు వేస్తాయని మావోయిస్టులు పేల్చేస్తారు. మధ్యలో పిల్లలకి బడి లేదు. అప్పుడు వెదురు, ప్లైవుడ్ పలకలతో త్వరగా బిగించే ఆశ్రమ బడులు వచ్చాయి. వాటినే 'పోటా క్యాబిన్' అంటారు. ఒక్కోదానిలో సుమారు 500 మంది ఉండేలా కట్టారు. ఈ గోడ తుపాకీ గుండుని ఆపదు కాబట్టి ఎవరూ దాన్ని కోటగా వాడుకోరు. బలహీనంగా ఉండటమే ఆ బడికి రక్షణ అయింది. ప్రపంచంలో ప్రీఫ్యాబ్ ఎంచుకోవడానికి ఇలాంటి కారణం ఇంకెక్కడైనా ఉందా అని నాకు అనుమానం.

ఆ బడుల వల్ల వేలాది పిల్లలు మళ్ళీ పలక పట్టారు. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకుని తీరాలి. కానీ అత్యవసరానికి వేసిన వెదురు పలకల్లో ఏళ్ళకేళ్ళు వందల మంది పిల్లలని పడుకోబెట్టారు. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లా చింతకొంట ఆడపిల్లల పోటా క్యాబిన్‌లో రాత్రి పూట నిప్పు అంటుకుంది. నిద్రలో ఉన్న పిల్లలని బయటికి తెచ్చారు, కానీ నాలుగేళ్ళ పాప ఒకతి మంటల్లో చనిపోయింది.

ఆ వార్త చదివిన రోజు నాకు మా రేకుల గది గుర్తొచ్చింది. దానికి ఒక్కటే తలుపు ఉండేది.

ఆ పాప చావుకి వెదురు కారణం అని నేను అనను. వెదురు మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది. కానీ మన గుడిసెలో నలుగురు పడుకుంటారు, రెండు అంగల్లో బయటపడతారు. అదే సామానుతో వందల మందికి ఒకే కప్పు వేస్తే లెక్క మారిపోతుంది. తాత్కాలికం అన్న మాటకి తేదీ లేకపోవడం అసలు నేరం.

మన ఊరికి లారీ వస్తే

2023 నవంబర్ 15న పీఎం జన్‌మన్ పథకం మొదలైంది. చెంచు, కొండరెడ్డి, కోలాం, తోటి, గదబ, పోర్జ లాంటి బాగా వెనకబడిన తెగలకి ఇళ్ళు దీని పని. ఒక్కో ఇంటికి 2.39 లక్షలు. ఇంకో పక్క 2021 జనవరి 1న ఇండోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తల, లక్నోల్లో కొత్త పద్ధతి ఇళ్ళకి పునాది వేశారు. ఒక్కో చోట సుమారు వెయ్యి. రాంచీలో గదులు పెట్టెల్లాగా పోసి పేర్చే పద్ధతి. ఆరూ పట్నాలే. అక్కడ క్రేను వస్తుంది. డోలీ కట్టి గర్భిణిని మోసే మా దారుల్లో క్రేను ఎక్కడొస్తుంది? కొండ మీద ఇంటికి ఇప్పటికీ మానింగ్ సూత్రమే సూత్రం: ఒక మనిషి మోయగలిగినంత.

అందుకే ఫొటో పెట్టిన తమ్ముడికి నా జవాబు ఇది. గుడ్డిగా వద్దనకు, గుడ్డిగా ఔననకు. గ్రామ సభలోనో, హాస్టల్ తల్లిదండ్రుల మీటింగులోనో నిలబడి ఇవి అడుగు:

ఇది తాత్కాలికమైతే ఏ తేదీ దాకా? ఆ తేదీ కాగితం మీద ఉందా?

లోపల ఎంతమంది పడుకుంటారు, తలుపులు ఎన్ని, అవి బయటికి తెరుచుకుంటాయా? పలక లోపల ఏముంది, నిప్పు తగిలితే ఎంతసేపు ఆగుతుంది? వైరింగు ఎవరు చూస్తారు?

మే నెల మధ్యాహ్నం లోపల కూర్చోగలమా? వానలో మాట వినపడుతుందా?

అతుకులు, బోల్టులు బిగించాక ఎవరు పరీక్ష చేసి సంతకం పెడతారు?

పలక పగిలితే మన ఊళ్ళో ఎవరు బాగు చేయగలరు? లేకపోతే మన ఐటీఐ కుర్రాళ్ళు ఇద్దరికి ఆ పని నేర్పిస్తారా? కూలి మన ఊళ్ళో ఎంత మిగులుతుంది?

చివరిది: గీసే ముందు మమ్మల్ని అడిగారా?

ఇవి గొప్ప ఇంజనీరింగ్ ప్రశ్నలు కావు. లండన్‌లో, ఢిల్లీలో, బీజాపూర్‌లో అడగకపోతే ఏమైందో చూసి రాసుకున్నవి. తడిక కట్టిన మన తాతకి ఇవి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకునేది ఆయనే. ఫ్యాక్టరీ ఇంటి విషయంలో పడుకునేది మనం, చేసేది వేరేవాళ్ళు. మధ్యలో ఉన్న ఆ ఖాళీని నింపేది మన నోరే.

తమ్ముడూ, ఆ గదులకి తలుపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయి. మిగతావాళ్ళు కూడా మీ హాస్టల్‌లో 'తాత్కాలికం' ఎన్నేళ్ళ నుంచి ఉందో రాయండి. అన్నీ కలిపి ఒక కాగితం చేద్దాం. ఐటీడీఏ పీఓ గారికి ఇద్దాం.

జై జోహార్.